‘పట్టుకున్నారు’కి కాట్ రాయాలా, సీజ్డ్ రాయాలా?

తెలుగులో ఒక్క క్రియతో సరిపోయింది, ఇంగ్లీషులో రెండు కావాలి. ఇంగ్లీషులోకి అనువదించమని మీకిచ్చిన వాక్యం: ‘శేషాచలం అడవిలో పోలీసులు ఇద్దరు స్మగ్లర్లను, పది ఎర్రచందనం దుంగలను పట్టుకున్నారు.’ మీరు స్మగ్లర్లకీ, దుంగలకీ కలిపి ‘గ్రాబ్డ్’ అనే ఒక్క క్రియే రాశారు. మార్కు పోయింది అక్కడే.

1. ముందు కర్మను విడదీయండి. చాలామంది వదిలేసేది ఈ మెట్టే. క్రియ కోసం వెతికే ముందు, పట్టుబడింది మనిషా, సరుకా అని చూడాలి. పారిపోయే మనిషికి ‘కాట్’. చట్టప్రకారం స్వాధీనం చేసుకున్న సరుకుకి ‘సీజ్డ్’. ‘కాట్ టెన్ లాగ్స్’ అంటే ఎవరో విసిరిన దుంగల్ని చేత్తో అందుకున్నట్టు ఉంటుంది. సరైన వాక్యం:
‘ద పోలీస్ కాట్ టూ స్మగ్లర్స్ అండ్ సీజ్డ్ టెన్ రెడ్ శాండర్స్ లాగ్స్.’
ఎవరి దగ్గర దొరికాయో చెప్పాలంటే చివర ‘ఫ్రమ్ దెమ్’ చేర్చండి.

2. ‘గ్రాబ్’ అంటే చటుక్కున చేత్తో అందుకోవడం. తిరుమల ఘాట్ రోడ్డు మలుపులో బస్సు ఊగగానే రాడ్‌ని పట్టుకుంటే గ్రాబ్. కొండ దిగేదాకా వదలకుండా ఉంటే హోల్డ్. ‘గ్రాబ్డ్ ఎట్ ద రాడ్’ అంటే మాత్రం పట్టుకోబోయాడనే, అందిందని కాదు.

3. లాక్కుపోతే ‘స్నాచ్’. అలిపిరి మెట్ల మీద కోతి సంగతి రాయాలంటే: ‘ద మంకీ స్నాచ్డ్ ద లడ్డూ ఫ్రమ్ హర్ హ్యాండ్.’

స్పెల్లింగ్ కూడా చూసుకోండి: సీజ్‌లో ఎస్ తర్వాత ఈ, ఆ తర్వాతే ఐ. గ్రాబ్డ్‌లో బీలు రెండు.