మన పేరుతో ఇంకొకరి యాప్

ప్రశ్న: చిన్న టీమ్‌తో ఖర్చుల లెక్కలు రాసుకునే ఆండ్రాయిడ్ యాప్ నడుపుతున్నాం. గత నెల ఒక కస్టమర్ ఫోన్ చేసి, మీ యాప్ కొత్తగా కార్డు నంబరు ఎందుకు అడుగుతోందని నిలదీశారు. చూస్తే అది మాది కాదు. మా లోగో, మా రంగులే, పేరులో ఒక్క అక్షరం తేడా. కంప్లయింట్ ఇస్తే ప్లే స్టోర్ నుంచి తీసేశారు. పది రోజులకు ఐఫోన్ స్టోర్‌లో ఇంకొకటి కనిపించింది, మాకు ఐఫోన్ యాప్ అసలు లేనే లేదు! ఎన్నిటి వెంటపడగలం? బయటికి చెబితే మా పేరే చెడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: బయటికి చెప్పండి, అదీ ఈ రోజే. మీరు దాచిపెడితే కస్టమర్లకు డబ్బు పోయాక తెలుస్తుంది, అప్పుడు వాళ్లు తిట్టేది మిమ్మల్నే. 2024 ఫిబ్రవరిలో పాస్‌వర్డులు భద్రపరిచే లాస్ట్‌పాస్ కంపెనీకి ఇదే జరిగింది. ఒక అక్షరం మార్చి 'లాస్‌పాస్' పేరుతో యాపిల్ స్టోర్‌లో నకిలీ యాప్ వస్తే, ఆ కంపెనీయే ముందుకొచ్చి వినియోగదారులను హెచ్చరించింది. మీరు కూడా మీ యాప్ లోపల, వెబ్‌సైట్ మొదటి పేజీలో రాయండి: మేం కార్డు నంబరు ఎప్పుడూ అడగం, మాకు ఐఫోన్ యాప్ లేదు, మా డెవలపర్ పేరు ఇది, ఈ లింకు నుంచే ఇన్‌స్టాల్ చేసుకోండి.

'ఐఫోన్ యాప్ లేదు' అన్న ఆ ముక్క చాలా ముఖ్యం. జనం వెతికే చోట అసలుది లేకపోతే నకిలీది వచ్చి కూర్చుంటుంది. 2016 జులైలో పోకెమాన్ గో మొదట కొన్ని దేశాల్లోనే విడుదలైంది, మిగతా చోట్ల ఆగలేనివాళ్లు బయటి సైట్ల నుంచి ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) దించుకున్నారు, వాటిలో ఒకదానిలో ఫోన్‌ను దూరం నుంచి నడపగలిగే డ్రాయిడ్‌జాక్ అనే మాల్వేర్ దొరికింది.

డెవలపర్ పేరు కంటికి సరిగ్గానే కనిపిస్తోందని నమ్మకండి. 2017లో ప్లే స్టోర్‌లో వచ్చిన నకిలీ వాట్సాప్ అసలు కంపెనీ పేరే పెట్టుకుని, చివర కనిపించని ఖాళీ అక్షరం ఒకటి చేర్చింది. దాన్ని 10 లక్షల మందికి పైగా డౌన్‌లోడ్ చేశారు. అందుకే ప్యాకేజీ పేరు, అంటే యాప్‌ను గుర్తించే లోపలి పేరు చూడాలి, ప్లే స్టోర్‌లో ఒకే ప్యాకేజీ పేరుతో రెండు యాప్‌లు ఉండలేవు. బయటి సైట్లలో దొరికే ఏపీకేలో మాత్రం మీ ప్యాకేజీ పేరే ఉండొచ్చు. అయితే మీ సైనింగ్ కీ (యాప్ మీద మీ డిజిటల్ సంతకం వేసే రహస్య తాళం) వాళ్ల దగ్గర లేనంతవరకు మీ సంతకం వేయలేరు, కాబట్టి ఆ సంతకాన్ని గుర్తుపట్టించే సర్టిఫికెట్ ఫింగర్‌ప్రింట్ పోల్చి చూస్తే దొంగది దొరికిపోతుంది. మీ యాప్‌నే విప్పి, మార్చి, తిరిగి కట్టినవాళ్లు మీ సర్వర్‌కి రాకుండా, యాప్ అసలుదేనా అని తనిఖీ చేసే గూగుల్ సేవ ప్లే ఇంటెగ్రిటీ ఏపీఐ పెట్టుకోండి. తనిఖీ ఫలితాన్ని సర్వర్‌లోనే తేల్చాలి, యాప్‌లో పెట్టిన తనిఖీని తీసేయడం వాళ్లకు పెద్ద పని కాదు.

ఇక కంప్లయింట్. ముందు సాక్ష్యం దాచుకోండి: లింకు, స్క్రీన్‌షాట్లు, డెవలపర్ పేరు, తేదీ, వీలైతే ఆ ఏపీకే ఫైలు కూడా. పేజీ తీసేశాక ఇవేవీ దొరకవు. స్టోర్ పేజీలో ఫ్లాగ్ నొక్కి ఊరుకుంటే చాలదు, ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు ఫారం నింపండి. రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే మీ మాటకు బలం వస్తుంది, ఇంకా చేయించకపోతే ఇప్పుడైనా చేయించండి. లోగో, స్క్రీన్‌షాట్లు కాపీ కొట్టారు కాబట్టి కాపీరైట్ ఫిర్యాదు కూడా పెట్టొచ్చు. యాపిల్‌కి వేరే ఫారం ఉంది, అక్కడ మీ ఫిర్యాదు అవతలి డెవలపర్‌కి కూడా చేరుతుంది, అందుకని సొంత మెయిల్ కాకుండా కంపెనీ మెయిల్ వాడండి. ఆ యాప్ ఒక్కటే కాదు, అదే అకౌంట్‌లో ఉన్న మిగతావి కూడా చూసి రాయండి.

అన్నట్టు, ఆ ఫోన్ చేసిన కస్టమర్‌తో మళ్లీ మాట్లాడారా? కార్డు నంబరు ఇచ్చేశారేమో అడగండి. ఇచ్చి ఉంటే బ్యాంకుకి చెప్పి కార్డు వెంటనే బ్లాక్ చేయించుకోమనండి, ఆ యాప్ తీసేయమనండి, అందులో కొట్టిన పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడా మార్చుకోమనండి.