డయల్ మార్చిన పాత వాచీ కొంటే చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది?

ప్రశ్న: మాది అనంతపురం. 1970ల నాటి స్విస్ క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్న చేతి గడియారం ఒకటి కొనాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కర్నూలులో పాత వాచీలు అమ్మే ఒక వ్యాపారి దగ్గర ఒకే కంపెనీవి రెండు ఉన్నాయి. రెండింట్లోనూ వాల్జూ 7733 ఇంజిన్ అంటున్నారు. ఏమీ మార్చలేదంటున్న దానికి 1,90,000 రూపాయలు చెబుతున్నారు. దాని డయల్ మీద మచ్చలున్నాయి, బటన్ నొక్కితే స్టాప్‌వాచీ ముల్లు సరిగ్గా సున్నా దగ్గరికి రాదు. రెండోది బాగుచేయించి కొత్తదానిలా తయారు చేసినది, 95,000. "అన్నా, ఇంజిన్ అంతా ఒరిజినలే, డయల్ ఒక్కటి లైట్‌గా టచప్ చేయించినాం" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. రెండోదే తీసుకుందామని 5,000 ఫోన్‌పే చేశాను. బిల్లు మీద ‘గ్యారంటీ లేదు, వాపసు లేదు’ అని ముద్ర వేస్తారట. విదేశం నుంచి వచ్చినట్టు కాగితాలేమీ లేవు. రేపు ఆయన చెప్పినదానికీ వాచీకీ పొంతన లేదని తేలితే నాకు దారి ఏమిటి? ధర ఎక్కువైనా ఒరిజినల్‌దే కొనడం చట్టపరంగా క్షేమమా?

జవాబు: మీ చివరి ప్రశ్ననే ముందు తీసుకుంటాను, ఎందుకంటే చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. పాత వస్తువు చేయి పడకుండా ఉండాలని ఏ చట్టమూ అడగదు. అమ్మినవారు ఏదని చెప్పి అమ్మారో అదే అయి ఉండాలని మాత్రమే అడుగుతుంది. 1,90,000 రూపాయల వాచీ విషయంలో మీరు డబ్బు పెడుతున్నది, గడచిన యాభై ఏళ్లలో దాన్ని ఎవరూ మార్చలేదన్న ఒక చరిత్ర మీద. ఆ చరిత్ర అమ్ముతున్న వ్యాపారికి కూడా పూర్తిగా తెలియకపోవచ్చు, దాన్ని రుజువు చేయడమూ కష్టం, తప్పని రుజువు చేయడమూ కష్టం. బాగుచేసిన వాచీ విషయంలో మాత్రం ఏ భాగం మార్చారు, ఏ భాగం ఉంచారు అన్నది రాసి ఇవ్వగలిగిన విషయం, వాచీ విప్పి సరిచూడగలిగిన విషయం. అందుచేత ఏమేం మార్చారో దాచకుండా రాసి అమ్మిన రెస్టోర్ చేసిన వాచీ, నోటిమాటగా ‘ఒరిజినల్’ అని అమ్మిన వాచీ కంటే కోర్టులో బలమైన స్థానంలో ఉంటుందని నా అభిప్రాయం. సేకరణ విలువ వేరే సంగతి, దానిలోకి నేను వెళ్లను.

ఇక వ్యాపారి చెప్పిన వాక్యాన్ని వకీలు కంటితో చదువుదాం. "ఇంజిన్ అంతా ఒరిజినలే" అన్నది వినడానికి గట్టిగా ఉన్నా అందులో పట్టు తక్కువ. వాల్జూ 7733 అనేది ఒక్క కంపెనీ తన వాచీల కోసమే చేసుకున్న ఇంజిన్ కాదు. ఆ రోజుల్లో అనేక స్విస్ కంపెనీలు దాన్ని కొని తమ తమ కేసుల్లో బిగించుకున్నాయి. కనుక వేరే బ్రాండ్ వాచీ నుంచి తీసిన 7733ను తెచ్చి దీంట్లో పెట్టినా, అది అసలైన వాల్జూ ఇంజినే గనుక ‘ఒరిజినలే’ అని వ్యాపారి వాదించగలరు. అదే వాక్యంలోని "డయల్ ఒక్కటి" అన్న మాట మీకు ఎంతో విలువైనది. డయల్ తప్ప మిగతావేవీ మార్చలేదని చెప్పినట్టే దాని అర్థం. రేపు ముళ్లు, బటన్లు, కీ (పక్కన తిప్పే పిడి) కూడా కొత్తవని తేలితే అది మౌనం కాదు, జరిగినదానికి భిన్నంగా చెప్పిన మాట అవుతుంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 17 ప్రకారం ఉత్త మౌనం సాధారణంగా మోసం కాదు. నిజం కాదని తెలిసీ నిజమని చెప్పడం మోసం. నిజమని నమ్మి పొరపాటుగా చెప్పినా అది సెక్షన్ 18 కింద తప్పుడు ప్రాతినిధ్యం అవుతుంది. ఈ రెండింటిలో దేని వల్ల కొనుగోలు జరిగినా, దాన్ని రద్దు చేసుకునే హక్కు సెక్షన్ 19 కింద కొన్నవారికి ఉంటుంది. ఆ వాయిస్ మెసేజ్‌ను చెరిపేయకండి, ఫోన్ మార్చినా పాత ఫోన్ ఉంచుకోండి. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయవలసి వస్తుంది, అప్పుడు ఆ పరికరం అవసరమవుతుంది.

వస్తువుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 15 ప్రకారం, వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలన్నది ఒప్పందంలో రాయకపోయినా ఉన్నట్టే లెక్క. మీరు అంగడికి వెళ్లి వాచీని చేతిలో పట్టుకొని చూసినంత మాత్రాన ఈ రక్షణ పోదు. అయితే నాణ్యతకు సంబంధించిన సెక్షన్ 16లో ఒక మెలిక ఉంది: కొనేవారు వస్తువును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో కనిపించి ఉండవలసిన లోపాల గురించి తర్వాత ఫిర్యాదు చేయలేరు. డయల్ మీద అక్షరాలు వంకరగా ఉన్నాయన్నది కంటికి కనిపించే లోపం; వెనక మూత విప్పితే గాని తెలియనిది కాదు. కనుక వాచీని ఫోటోలు చూసి ఎంచుకున్నారా, అంగట్లో చూసి ఎంచుకున్నారా అన్న తేడా మీ కేసులో పనికొస్తుంది, దాన్ని మీ రాతల్లో స్పష్టంగా ఉంచండి.

బిల్లు గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ఇలాంటి తగాదాలన్నీ బిల్లు దగ్గరే బలహీనపడుతుంటాయి. ‘పాత చేతి గడియారం, ఒకటి’ అని రాసిన బిల్లు మీరు డబ్బిచ్చారనడానికి తప్ప మరి దేనికీ పనికిరాదు. ప్రొద్దుటూరు అంగట్లో నగ కొన్నప్పుడు తూకం, కారట్, తరుగు, మజూరీ విడివిడిగా రాయించుకుంటాం కదా, అలాగే ఇక్కడా కేస్, డయల్, ముళ్లు, కీ, రెండు బటన్లు, అద్దం, ఇంజిన్ ఒక్కొక్కటిగా పేరు రాసి, ప్రతిదాని ఎదుట ‘మొదటిది’, ‘మళ్లీ రంగు వేసినది’, ‘అదే కంపెనీ విడిభాగం’, ‘వేరేచోట చేసిన విడిభాగం’ అని వ్యాపారి చేతనే రాయించి సంతకం తీసుకోండి. ఆయనకు తెలియని చోట ‘తెలియదు’ అని రాసినా పరవాలేదు. ఆ నిజాయితీ మీకు, ఆయనకు ఇద్దరికీ మేలు. కేస్ వెనక ఉన్న నంబరు, ఇంజిన్ మీద బ్యాలెన్స్ చక్రం దగ్గర ఉండే ముద్ర తప్పనిసరిగా బిల్లులోకి రావాలి, లేదంటే రేపు వ్యాపారి వేసే మొదటి వాదన, ‘నేను అమ్మిన వాచీ ఇది కాదు’ అన్నదే. మూత విప్పి ఇంజిన్‌ను మీ ఎదుటే వీడియో తీయమనండి. స్టాప్‌వాచీ మొదలుపెట్టి, ఆపి, సున్నాకు తెచ్చేదాకా అదే వీడియోలో ఉండాలి. కుడివైపు చిన్న డయల్ 30 నిమిషాలు లెక్కిస్తున్నదీ లేనిదీ అందులో తెలియాలి.

డబ్బు ఖర్చు లేకుండా మీరే చేయగల పరీక్ష ఒకటుంది. ఆ కాలపు స్విస్ డయల్ అడుగున, 6 అంకె కింద ‘స్విస్’ అన్న పేరుకు అటూ ఇటూ ‘టి’ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే, ముళ్లకూ అంకెలకూ పూసిన మెరిసే పదార్థంలో ట్రిషియం అనే రేడియోధార్మిక పదార్థం ఉందని అర్థం. ట్రిషియం శక్తి సుమారు 12.3 ఏళ్లకు సగమవుతుంది. యాభై ఏళ్లు గడిచేసరికి మిగిలేది పదహారో వంతు. అలాంటి వాచీ చీకటి గదిలో గంటల తరబడి ధగధగా మెరిస్తే, పూత కొత్తగా వేశారన్నమాటే. "డయల్ టచప్" అన్నదాంట్లో ఇది ఇమిడిపోతుందనవచ్చు. కానీ ముళ్లు కూడా మెరుస్తుంటే, "డయల్ ఒక్కటి" అన్న మాట అక్కడే వీగిపోతుంది.

కంపెనీ కాగితం ఉంటే చాలదా అని మీకు అనుమానం రావచ్చు. కొన్ని స్విస్ కంపెనీలు నంబరు పంపితే పాత రిజిస్టర్లు చూసి వాచీ ఎప్పుడు తయారైందో పత్రం ఇస్తాయి. ఆ పత్రం వాచీ పుట్టుక చెబుతుంది గాని, ఈనాడు అందులో ఉన్న భాగాలు ఆనాటివేనని చెప్పదు. 2021 నవంబరులో జెనీవా వేలంలో 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి, వేర్వేరు వాచీల భాగాలు కలిపి తయారు చేసినదని 2023లో ఆ కంపెనీయే ప్రకటించింది. అంత పెద్ద వేలంలోనే అలా జరిగింది.

‘గ్యారంటీ లేదు, వాపసు లేదు’ అన్న ముద్ర సంగతి. వస్తువుల విక్రయ చట్టం సెక్షన్ 62 ప్రకారం, చట్టం తనంతట తాను కల్పించే బాధ్యతలను ఇరువురూ స్పష్టంగా ఒప్పుకొని తగ్గించుకోవచ్చు. కనుక వాచీ ఆరు నెలల తర్వాత ఆగిపోతే ఈ ముద్ర వ్యాపారికి కొంత అండ కావచ్చు. కానీ మోసానికీ, తప్పుడు వర్ణనకూ అది రక్షణ కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) వస్తువు నాణ్యత గురించి, రకం గురించి అబద్ధం చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. బాగుచేసిన పాత వస్తువును కొత్తదని అమ్మడం గురించి అదే సెక్షన్‌లో వేరే ఉపక్లాజు ఉంది, చాలామంది ఫిర్యాదుల్లో దాన్ని రాస్తారు. మీకు వర్తించేది అది కాదు, ఎందుకంటే ఇక్కడ ఎవరూ వాచీ కొత్తదని చెప్పడం లేదు. మీరు మొదటి భాగాన్నే ఆధారం చేసుకోవాలి. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఇదే సెక్షన్ కింద తప్పు. అలాగే ముద్రను ‘అన్యాయ ఒప్పందం’ అంటూ ఫిర్యాదు రాయకండి, ఆ వాదన జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధిలోకి రాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

వాచీ చేతికొచ్చాక తాత్సారం పనికిరాదు. నచ్చలేదని చెప్పకుండా తగినంత కాలం దాటి ఉంచుకుంటే మీరు దాన్ని అంగీకరించినట్టే అవుతుందని వస్తువుల విక్రయ చట్టం సెక్షన్ 42 అంటుంది. అంగీకరించాక వస్తువును తిప్పి ఇచ్చే హక్కు సాధారణంగా పోయి, నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది. కాబట్టి మొదటి వారంలోనే బెంగళూరులోనో మరెక్కడో క్రోనోగ్రాఫ్‌లు తెలిసిన మెకానిక్‌కు చూపించి, ఆయన అభిప్రాయం సంతకంతో రాయించుకోండి. విప్పి చూడమనండి గాని ఒక్క స్క్రూ కూడా మార్చనివ్వకండి. ఆయన ఏదైనా బాగుచేస్తే, లోపం ముందునుంచి ఉన్నదా ఆయన చేతుల్లో వచ్చిందా అన్న కొత్త తగాదా మొదలవుతుంది.

ఫిర్యాదు కోసం మీరు కర్నూలు వెళ్లనక్కరలేదు. కొన్నవారు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయడానికి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 అనుమతిస్తుంది, కనుక అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. చెల్లించిన ధర 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే ఈ-జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటినుంచి రెండేళ్లు గడువు. చట్టం మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చమంటుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుందని అనుకొని దిగండి. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్ని వ్యవహారాలు అక్కడే కుదురుతాయి. పోలీసు స్టేషన్‌కు వెళ్లడం మీ ఇష్టం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318లో మోసానికి శిక్ష ఉంది. కానీ మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపలేకపోతే, సివిల్ తగాదా అని తిప్పి పంపుతారు.

తిరిగి అమ్మడానికి కొన్నవారు వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. వాట్సాప్‌లో "నాలుగేళ్ల తర్వాత దీనికి ఎంత వస్తుంది" అని మీరు అడిగి ఉంటే, వ్యాపారి దాన్నే ముందు పెడతారు. సొంతానికి పెట్టుకొని ఎప్పుడో ఒకప్పుడు అమ్మితే మీరు వ్యాపారి అయిపోరు. ఏడాదికి నాలుగు కొని నాలుగు అమ్ముతుంటే మాత్రం సివిల్ కోర్టే దిక్కు, అక్కడ గడువు మూడేళ్లు.

కాగితాలు లేవన్నారే, అది నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది. కస్టమ్స్ చట్టం, 1962లోని సెక్షన్ 123 బంగారంతో పాటు గడియారాలను పేరుపెట్టి చెప్పింది. దొంగరవాణా సరుకని సహేతుకమైన నమ్మకంతో అధికారులు స్వాధీనం చేసుకుంటే, అది దొంగరవాణాది కాదని నిరూపించే బరువు దాన్ని కలిగి ఉన్నవారి మీదే పడుతుంది. పాత వాచీలన్నీ ప్రమాదమని దీని అర్థం కాదు, దేశంలో దశాబ్దాలుగా చేతులు మారుతున్నవే ఎక్కువ. అయినా వ్యాపారి తాను ఎవరి దగ్గర, ఏ తేదీన కొన్నారో బిల్లులో ఒక వాక్యం రాయించుకోండి. అమ్మే హక్కు ఆయనకుందన్న, వస్తువుల విక్రయ చట్టం సెక్షన్ 14 హామీకి కూడా, అంటే దొంగ సొత్తు కాదనడానికి కూడా, అదే ఆధారమవుతుంది.

మీరిచ్చిన 5,000 గురించి భయపడకండి. వెనక్కి తగ్గితే అది పోతుందని ముందే మాట అనుకోని పక్షంలో, తనకు నిజంగా కలిగిన నష్టానికి మించి ఆయన ఉంచుకోలేరు. పైన చెప్పిన భాగాల పట్టికను వాట్సాప్‌లోనే పంపి, ‘ఈ వివరాలు రాసి బిల్లు ఇస్తే మిగతా 90,000 బ్యాంకు ద్వారా చెల్లిస్తాను, లేదంటే అడ్వాన్సు వాపసు చేయండి’ అని రాయండి. ఆయన జవాబు ఏదైనా సరే, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.