మాల్టా వెళ్లకుండానే మాల్టా జ్వరమా?

ప్రశ్న: మా ఆయనకు 42 ఏళ్లు, మేకలు కాస్తారు. రెండు నెలలుగా సాయంత్రమైతే జ్వరం, రాత్రి చెమటలు, నడుం నొప్పి. టైఫాయిడ్ మందులకు తగ్గలేదు. చివరికి రక్తపరీక్ష చేసి బ్రూసెల్లోసిస్ అన్నారు, మాల్టా జ్వరం అని కూడా అంటారట. ఆరు వారాలకు డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ రాశారు. పది రోజులకే జ్వరం పోయింది, ఇంక మాత్రలెందుకు అంటున్నారు. హైదరాబాద్ దాటని మనిషికి ఇది ఎలా వచ్చింది?
- ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రలు ఆపనివ్వకండి. జ్వరం తగ్గినా ఈ క్రిమి ఒంట్లోని కణాల లోపల దాక్కుని ఉంటుంది, మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది, వెన్నెముకకో వృషణాలకో పాకితే ఇంకా కష్టం.

ఇక పేరు సంగతి. మాల్టా ఇటలీకి దిగువన మధ్యధరా సముద్రంలో ఉన్న చిన్న ద్వీప దేశం. బ్రిటిష్ పాలనలో అక్కడున్న సైనికులు ఈ జ్వరంతో నెలల తరబడి మంచం పట్టేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక డాక్టర్ చనిపోయినవాళ్ల ప్లీహంలో ఈ క్రిమిని కనిపెట్టాడు, బ్రూసెల్లా అన్న పేరు ఆయన నుంచే వచ్చింది. కానీ అది ఎలా సోకుతోందో తేలడానికి ఇంకో 18 ఏళ్లు పట్టింది. 1905లో థెమిస్టోక్లీస్ జమ్మిట్ అనే మాల్టా డాక్టర్ మేకల రక్తం పరీక్షిస్తే, శుభ్రంగా మేస్తూ పాలిస్తున్న మేకల్లోనే అది బయటపడింది, తర్వాత పాలల్లోనూ దొరికింది. అదే ఏడాది అక్కడి నుంచి మేకలతో బయలుదేరిన ఓడలో పచ్చిపాలు తాగిన సిబ్బందిలో చాలామంది జబ్బుపడ్డారు. 1906లో సైనికులకు మేకపాలు ఆపేశారు, వందల్లో ఉన్న కేసులు ఏడాది తిరిగేసరికి వేళ్ల మీద లెక్కపెట్టేంతకు వచ్చాయి!

నాకు బాధ కలిగించేది ఆ తర్వాతి కథ. మేకలను గుమ్మం ముందుకు తోలుకొచ్చి కళ్ల ముందే పితికి ఇచ్చే పాలంటే ఊళ్లో వాళ్లకు నమ్మకం, అందుకే మామూలు జనం జబ్బుపడుతూనే ఉన్నారు, పాలను వేడిచేసి శుద్ధిచేసే కేంద్రం 1938లో గానీ రాలేదు. 1995లో కూడా పచ్చిపాలతో చేసిన చీజ్ తిని అక్కడ వందమందికి పైగా జబ్బుపడ్డారు.

మీ ఇంట్లోనూ అంతే, మన మేకలే కదా, బాగానే ఉన్నాయి కదా అనుకోవద్దు. పాలు పొంగేదాకా మరిగించాకే తాగండి. మేక ఈసుకుపోతే, అంటే నెలలు నిండకుండానే కడుపు పోతే, ఆ పిల్లను, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, తొడుగులు వేసుకుని లోతుగా పాతిపెట్టండి. పశువుల డాక్టర్‌తో మందకు రక్తపరీక్ష చేయించండి. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జ్వరం ఉంటే వాళ్లకూ పరీక్ష చేయించాలి, గర్భిణి ఎవరైనా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పండి. మీ ఆయన నుంచి మీకు అంటుతుందన్న టెన్షన్ మాత్రం వద్దు, మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది చూసి భయపడి మాత్రలు మానేస్తారేమో, ముందే చెప్పి ఉంచండి.