గుడ్లు వదిలేసిన చెర్రీ రొయ్య గురించి

మీ చెర్రీ రొయ్య (అక్వేరియం తొట్టిలో పెంచుకునే చిన్న ఎర్ర రొయ్య) సగం నీళ్లు మార్చిన మర్నాడే కుబుసం విడిచి, గుడ్లు అందులోనే వదిలేసిందన్నారు. తల్లి తప్పేం లేదండీ. అంత నీరు ఒక్కసారిగా మారితే ఆ కుదుపుకే తొందరగా పొర వదిలేస్తాయి. ఇకపై వారానికి 10 శాతం చాలు, అదీ సన్నటి పైపుతో చుక్కలు చుక్కలుగా. నల్లా నీళ్లయితే క్లోరిన్ తీసే మందు తప్పనిసరి. మన హైదరాబాద్ ఎండలకు తొట్టి మీద చిన్న ఫ్యాన్ కూడా పెట్టండి.

రాలిన గుడ్లు పారేయకండి. టీ జాలీలో వేసి, ఎయిర్‌స్టోన్ (తొట్టిలో గాలి బుడగలు వదిలే రాయి) పక్కన మెల్లగా కదిలేలా వేలాడదీయండి. తల్లి పొట్ట కింద గుడ్లు పెట్టుకుని ఈతకాళ్లతో విసనకర్రలా విసురుతూ చేసే పని ఇదే. తెల్లగా బూజు పట్టినవి వెంటనే ఏరేయండి. గుడ్డులో రెండు నల్లచుక్కల్లా కళ్లు కనిపిస్తే పిల్లలు రాబోతున్నట్టే. వచ్చాక తల్లి పట్టించుకోదు. ఫిల్టర్ నోటికి స్పాంజ్ తొడగండి, లేకపోతే పిల్లలన్నీ లోపలికే పోతాయి.