మొదట టైంటేబుల్ చేతిలోకి తీసుకో

అమ్మా,

హెచ్‌ఎంగా ప్రమోషన్ వచ్చి కర్నూలు జిల్లా కోసిగి వైపు హైస్కూల్లో చేరావని విని చాలా సంతోషించాను. మొన్న ఫోన్‌లో ఒక మాట అడిగావు: "సార్, పదిలో నలుగురు 500 దాటేలా ఉన్నారు, ఆరులో సగం మందికి వత్తులే రావు. ఇదంతా ఒకే బడి ఎట్లా అవుతుంది?" ఆరోజు సరిగా జవాబు చెప్పలేదు, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మార్కుల రిజిస్టర్ పక్కన పెట్టు. ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లల్ని ఒక్కొక్కరినే నీ గదికి పిలిపించి, రెండో తరగతి తెలుగు వాచకం చదివించు. తర్వాత 52లోంచి 27 తీసేయమను. మనిషికి మూడు నిమిషాలు. రెండు వారాలు పట్టినా పర్వాలేదు, ఈ పని మాత్రం ఎవరికీ అప్పగించకు.

ఎందుకంటే నేను అప్పగించి మోసపోయాను. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది, చేతిరాత ముత్యాల్లా ఉండేది. నోట్సు నిండా ఎర్ర టిక్కులు. ఒకరోజు ఊరికే చదవమన్నాను. 'కష్టం' అన్న మాట దగ్గర ఆగిపోయి నా ముఖం చూసింది. మూడేళ్లుగా బోర్డు మీది అక్షరాలను ముగ్గులు వేసినట్టు దించుకుంటోంది, చదవడం రాదు. ఆ నోట్సులో ఒక పేజీ కింద నా సంతకం కూడా ఉంది.

లెక్కలో 35 అని వేసే పిల్లలు చాలామంది కనబడతారు. పైదా కిందదా అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తారు. వాళ్లకు తీసివేత వచ్చు, అప్పు తెచ్చుకోవడమే రాదు. వారంలో సర్దుకుంటుంది. కాగితం ఖాళీగా ఇచ్చిన పిల్లాడి సంగతి వేరు. ఇద్దరికీ రిజిస్టర్లో కనబడేది ఒకటే గ్రేడు.

ఇది మన ఒక్క జిల్లా బాధే అనుకోకు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పిల్లల చదువు స్థాయి మీద చేసే అసర్ సర్వేలో, 2023లో, పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో నలుగురిలో ఒకరు సొంత భాషలో రెండో తరగతి పాఠం గడగడా చదవలేకపోయారు.

ఇక నేను చేసిన పెద్ద తప్పు చెబుతాను. హెచ్‌ఎం అయిన కొత్తలో మార్కుల్ని బట్టి ఏ, బీ సెక్షన్లు విడదీశాను. గట్టి టీచర్లను ఏ సెక్షన్‌కి వేశాను. బీకి లెక్కల పీరియడ్ భోజనం తర్వాత పడేది, సార్ సెలవు పెడితే అదీ ఉండదు. దసరా నాటికి పిల్లలే "మేము బీ వాళ్లం సార్" అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ ఏడాది పదో తరగతి ఫలితాలకు నాకు శాలువా కప్పారు. జూన్‌లో బడి తెరిచేసరికి బీ సెక్షన్ పిల్లలు పదకొండు మంది రాలేదు.

అందుకని సెక్షన్లు కలిపే ఉంచు. రోజుకు ఒక్క పీరియడ్, అదీ పొద్దున మొదటిది, తరగతితో పని లేకుండా చదివే స్థాయిని బట్టి కూర్చోబెట్టు. ఆరువారాలకోసారి మళ్లీ చదివించి గుంపులు మార్చు. ఇలా స్థాయిని బట్టి చెప్పే పద్ధతిని ప్రథమ్‌తో కలిసి పరీక్షించి చూసినవాళ్లలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. 2019లో నోబెల్ అందుకున్నవాళ్లే. అట్టడుగు గుంపును మాత్రం నీ బడిలో అందరికన్నా బాగా చెప్పేవాళ్లకే ఇవ్వు. స్టాఫ్ రూంలో గొణుగుతారు, "హైస్కూల్లో సబ్జెక్టులు చెప్పే స్కూల్ అసిస్టెంట్లం, గుణింతాలు చెప్పాలా" అంటారు. వాదించకు. ఒక గుంపు నువ్వే తీసుకో, నెల తిరక్కుండా గొణుగుడు తగ్గుతుంది.

పది పరీక్షల కోసం వంద రోజుల ప్రణాళిక వచ్చిందంటే బడి మొత్తం పదో తరగతి చుట్టూ తిరుగుతుంది. ఆరో తరగతి ఆ మొదటి పీరియడ్ ఒక్కటీ దానికి బలి ఇవ్వకు. ఈ విషయంలో పైవాళ్లతో కాస్త మాట పడాల్సి రావచ్చు.

అక్కడ అసలు టెన్షన్ సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోవడం. పత్తికి, మిరపకాయలకు గుంటూరు వైపు వలస పోయిన కుటుంబాలు మళ్లీ ఉగాదికి కానీ రావు. పోయాక వెతికి లాభం లేదు. ఏ ఇంటివాళ్లు పోతారో పిల్లలకే తెలుసు, సెప్టెంబర్‌లోనే అడిగి పేర్లు రాసుకో, వలస పోయేవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్‌కి అప్పుడే ప్రతిపాదన పంపు. అవ్వ దగ్గర ఒక్క బిడ్డను వదిలి వెళ్లమంటే కొందరు ఒప్పుకుంటారు. అయితే ఆ మాట పదకొండు గంటల తల్లిదండ్రుల మీటింగులో చెబితే వినేవాళ్లు ఉండరు, కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? సాయంత్రం దీపాలు పెట్టే వేళ కాలనీలో అరుగు మీద కూర్చో.

ఇంకొకటి, సరిహద్దు ఊళ్లలో కొందరి ఇంట్లో మాట్లాడేది కన్నడం. ఆ పిల్లలు మౌనంగా ఉంటే మొద్దు అనే ముద్ర ఎవరూ వేయకుండా చూడు.

దసరా సెలవుల్లో ఆదోనికి వస్తున్నాను. ఏ పిల్ల ఏ మాట దగ్గర ఆగిందో రాసుకున్న కాగితాలు తీసుకురా, కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ సార్