వైఫై డబ్బా ఖరీదు 2,500తో ఆగదమ్మా

ఒడిశాలోని పర్లాకిమిడికి కాస్త దూరంలోని పల్లె నుంచి ఒక చెల్లెమ్మ ఉత్తరం రాశారు. భర్తకు పట్నంలో బట్టల కొట్టు. ఈవిడ ఇంటి దగ్గరే జాకెట్లు కుడతారు. ఇంట్లో అత్తగారు, డిగ్రీ పూర్తయిన కొడుకు ఉన్నారు. మూడు ఫోన్లకూ 28 రోజులకోసారి 349 రూపాయల రీఛార్జి, రోజుకు 2 జీబీ. అబ్బాయి బ్యాంకు పరీక్షలకు ఆన్‌లైన్ కోచింగ్‌లో చేరాడు, సాయంత్రమైతే అమ్మ ఫోను అతని దగ్గరే. ఊళ్లోకి ఫైబర్ ఇంటర్నెట్ తీగ రాలేదు. సిమ్ వేసుకునే వైఫై డబ్బా 2,500కి వస్తోందని, కొట్టువాడు వాయిదాల మీద ఇస్తానంటున్నాడని, కొనమంటారా అని అడిగారు.

కొనవచ్చమ్మా. అయితే డబ్బాతో పాటు ఇంట్లో రీఛార్జిల పద్ధతి కూడా మార్చాలి, లేకపోతే వద్దు.

ముందు ఇప్పటి ఖర్చు చూద్దాం. 28 రోజుల ప్లాన్‌ను నెల ప్లాన్ అనుకుంటాం గానీ, ఏడాదికి 13 సార్లు వేయించాలి. 349ని 13తో గుణిస్తే 4,537. మూడు ఫోన్లకు 13,611. డబ్బాలో ఇంకో సిమ్ వేసి దానికీ ఇదే రీఛార్జి చేయిస్తే 18,148, డబ్బా ధర కలిపితే మొదటి ఏడాది 20,648. జాకెట్లు కుట్టి కూడబెట్టే ఇంట్లో ఇది చిన్న మాట కాదు.

ఇప్పుడు ఇలా చేయండి. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్లాన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది. 2025 జనవరి నుంచి కంపెనీలు అవి అమ్ముతున్నాయి. ఫోన్ తెరవగానే పైకి కనిపించవు, వెతికి పట్టుకోవాలి. 84 రోజులకు సుమారు 460 రూపాయలు, అంటే ఏడాదికి 2,000 దరిదాపు. మీరూ అత్తగారూ రోజంతా ఇంట్లోనే ఉంటారు కాబట్టి మీ ఇద్దరి ఫోన్లూ దీనికి మార్చండి. జాకెట్ల డిజైన్లు, ఆడపడుచుతో వీడియో కాల్ డబ్బా వైఫై మీద నడుస్తాయి. బ్యాంకు ఓటీపీలు ఎప్పటిలాగే వస్తాయి. మీవారి ఫోను మాత్రం ముట్టుకోవద్దు. కొట్టులో గిరాకీ స్కాన్ చేసి డబ్బు వేశాక, పడిందో లేదో చూసుకోవడానికి ఆయనకు అక్కడ డేటా ఉండాలి.

అప్పుడు డబ్బాకు 4,537, మీవారి ఫోనుకు 4,537, మిగతా రెండింటికి 4,000. మొత్తం 13,074. ఇప్పటికన్నా కాస్త తక్కువే. అదనంగా పడేది డబ్బా ధర ఒక్కటే.

రోజుకు 2 జీబీ చాలుతుందా? అబ్బాయి క్లాసును 480 నాణ్యతలో పెట్టుకుంటే బోర్డు మీది లెక్క స్పష్టంగానే కనిపిస్తుంది, గంటకు అర జీబీ అటూ ఇటూ అవుతుంది. రెండు గంటల క్లాసు పోను మీ ఇద్దరికీ మిగులుతుంది. కానీ అదే వైఫైకి టీవీ తగిలించారనుకోండి, హెచ్‌డీ సినిమా గంటకు 3 జీబీ దాకా తాగేస్తుంది. కోటా అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, క్లాసు మధ్యలో నిలిచిపోతుంది. టీవీ కోసమే అయితే ఈ డబ్బా కొనవద్దని గట్టిగా చెబుతాను. ఇంకొకటి, ఆ 349 ప్లాన్‌తో 5జీ అపరిమితం అని కొట్టులో చెబుతారు. మీరు కొనేది 4జీ డబ్బా అయితే దానికి అది వర్తించదు.

డబ్బు కట్టేముందు వారం రోజులు పరీక్షించండి. డబ్బా ఎక్కడ పెడదామనుకున్నారో ఆ కిటికీలోనే మీ ఫోను పెట్టి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, రాత్రి ఏడు నుంచి పది మధ్య అబ్బాయిని క్లాసు చూడమనండి. కొండల పక్క ఊళ్లలో డాబా మీద నాలుగు గీతలుంటే వంటగదిలో ఒకటే ఉంటుంది. ఫోనుకు అందని సిగ్నల్ డబ్బాకు ఎక్కడి నుంచి వస్తుంది? మహేంద్రతనయ నది అవతల పాతపట్నంలో బాగా అందే కంపెనీ మీ ఇంట్లో అందకపోవచ్చు, కాబట్టి వాళ్ల మాట మీద సిమ్ కొనకండి.

నేను మొదటిసారి కొన్న డబ్బా ఒక్క కంపెనీ సిమ్‌తోనే పనిచేసేది. ఇల్లు మారాక అక్కడ ఆ సిగ్నల్ లేదు, డబ్బా బీరువాలో పడి ఉండిపోయింది. అందుకే ఏ సిమ్ అయినా తీసుకునేదే అడగండి, మీ సిమ్ అక్కడే వేసి చూపించమనండి. కరెంటు పోయినా బ్యాటరీ మీద కొన్ని గంటలు నడవడం దీనిలో నిజమైన లాభం. రాత్రింబవళ్లు ఛార్జరుకే వదిలేస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిపోవచ్చు.

వాయిదాలు వద్దు. వడ్డీ లేదంటూనే ఏదో రుసుము కలుపుతారు. కుట్టుపని డబ్బులో నెలకు వెయ్యి పక్కన పెడితే మూడో నెలకు నగదు చేతిలో ఉంటుంది. ఈలోగా పంచాయతీలకు ఇంటర్నెట్ ఇచ్చే ప్రభుత్వ పథకం భారత్‌నెట్ తీగ మీ పంచాయతీ దాకా వచ్చిందేమో కనుక్కోండి.

డబ్బాలో సిమ్ మీవారి కంపెనీది కాకుండా వేరేది తీసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాను ఎలా ఊపేసిందో మీరు చూసే ఉంటారు. ఒక కంపెనీ టవరు పడిపోయినా రెండోది పలికే వీలుంటుంది.

వారం పరీక్ష అయ్యాక ఏ గదిలో ఎన్ని గీతలు వచ్చాయో రాయండి, దాన్ని బట్టి ఏ సిమ్ వేయాలో చెబుతాను.