క్రూడ్ ధర ఎటు పోతుందని అడిగిన అల్లుడికి

ప్రొద్దుటూరు

చిరంజీవి రఘుకు మేనమామ ఆశీస్సులు.

రేపు క్రూడ్ (ముడిచమురు) ఏ ధరకు ముగుస్తుందో ఎవరూ చెప్పలేరబ్బీ. మనం పట్టుకోగలిగింది ఒకటుంది: మార్కెట్ ఎంత అనుకుంటోంది, వచ్చిన లెక్క దానికి ఎంత తేడాగా ఉంది. నువ్వుండేది ఆదోనిలోనే కదా, యార్డుకు పత్తి ఎక్కువొస్తుందని అందరికీ ముందే తెలిస్తే ధర ముందే తగ్గి ఉంటుంది. ఆ రోజు మళ్లీ పడాలంటే అనుకున్న దానికంటే ఎక్కువ రావాల. ఇదీ అంతే.

ఆ తేడా తేలేది బుధవారం రాత్రి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈఐఏ అక్కడి చమురు వారం నిల్వల లెక్కను మన టైముకు 8 గంటలకు ఇస్తుంది. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 9 గంటలకు. అక్కడ సోమవారం సెలవైతే మామూలుగా గురువారానికి జరుగుతుంది. అదే బుధవారం తెల్లవారుజామున అక్కడి చమురు కంపెనీల సంఘం ఏపీఐ లెక్క వచ్చి ఉంటుంది కాబట్టి, విశ్లేషకుల అంచనా పక్కనే దాన్నీ రాసిపెట్టుకో.

లెక్క రాగానే పై అంకె ఒక్కటి చూసి ఆర్డరు కొట్టొద్దు. క్రూడ్ నిల్వ 50 లక్షల బ్యారెళ్లు తగ్గిందనుకో, కొనాలనిపిస్తుంది. పెట్రోలు, డీజిల్ నిల్వలు కలిపి 60 లక్షలు పెరిగినాయేమో చూడు. పెరిగి ఉంటే రిఫైనరీలు క్రూడ్‌ను మరిగించి వేరే ట్యాంకుల్లో పోసినాయి, వాడకం పెరగలేదు. తర్వాత దిగుమతులు చూడు. గల్ఫ్ తీరంలో పొగమంచుకో తుపానుకో ఓడలు ఆగితే నిల్వ తగ్గినట్టు కనబడుతుంది, ఆ సరుకు తర్వాతి వారాల్లో వచ్చి పడుతుంది. ఇక ఓక్లహోమా రాష్ట్రంలో పెద్ద ట్యాంకులుండే కుషింగ్ ఊరి నిల్వ అంకె తప్పనిసరి. డబ్ల్యూటీఐ అనే అమెరికా క్రూడ్ డెలివరీ (సరుకు అప్పగించేది) అక్కడే, మన సరుకుల ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్‌లో ధర నడిచేది దాని వెంటే. మొత్తం నిల్వ పెరిగినా కుషింగ్‌లో తగ్గితే దగ్గర నెల కాంట్రాక్టు (అన్నిటికంటే ముందు గడువు తీరే ఒప్పందం) ధర అంత సులభంగా పడదు.

యుద్ధం వార్తలొస్తే టీవీ కట్టేసి దగ్గర నెలకూ పక్క నెలకూ ఉన్న తేడా చూడు. నిజంగా సరుకు కరువైతే దగ్గర నెల ధర పక్క నెలకంటే బాగా ఎక్కువవుతుంది. ధర ఎగిరినా ఆ తేడా కదలకపోతే అది భయమే, ఎక్కువ రోజులు నిలబడదు. 2019 సెప్టెంబరు 14న సౌదీలోని అబ్‌కైక్ చమురు కేంద్రం మీద దాడి జరిగింది. సోమవారం డబ్ల్యూటీఐ దాదాపు 15 శాతం ఎగిరింది, ఉత్పత్తి తొందరగా కోలుకోవడంతో నెలాఖరుకే పాత ధరకు వచ్చేసింది. పైన కొన్నోళ్ల సంగతి ఆలోచించు.

రూపాయిని మరవొద్దు. డాలరు 90 రూపాయలనుకుంటే, బ్యారెల్ మీద ఒక్క డాలరు కదిలితే 100 బ్యారెళ్ల పెద్ద లాట్‌లో (ఒక్కసారి కొనే కట్టలో) 9,000 రూపాయల తేడా, పది బ్యారెళ్ల మినీ లాట్‌లో 900. లెక్క వచ్చిన నిమిషాల్లోనే డాలరు కదలొచ్చు, స్టాప్‌లాస్ (నష్టం ఇంతకు చేరితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డరు) నువ్వు పెట్టిన చోట కాకుండా ఇంకా కింద కొట్టొచ్చు. అందుకని మొదట మినీతోనే ఉండు. లెక్క రాకముందే కొనేసి కూర్చోవద్దు. మొదటి పది నిమిషాలు పోనిచ్చి, ధర అంకెలు చెప్పిన వైపే నిలబడిందా చూసి దిగు. మంచి లెక్క వచ్చినా పెరగకపోతే, కొనాల్సినోళ్లు ముందే కొనేసినారని అర్థం.

ఎక్స్‌పైరీ (కాంట్రాక్టు గడువు తీరే రోజు) దాకా పొజిషన్ (కొన్న కాంట్రాక్టు) ఉంచుకోవడం మాత్రం నాకు అస్సలు ఇష్టం లేదు. 2020 ఏప్రిల్ 20న లాక్‌డౌన్ వల్ల ఎంసీఎక్స్ సాయంత్రం 5కే మూసినారు. రాత్రి అమెరికాలో మే నెల కాంట్రాక్టు మైనస్ 37.63 డాలర్లకు పోయింది. కుషింగ్‌లో సరుకు పోసుకునే చోటు దొరకలేదు. మన దగ్గర డెలివరీ లేకపోయినా సెటిల్‌మెంట్ (చివరి డబ్బు లెక్క) ఆ ధరకే, బ్యారెల్‌కు మైనస్ 2,884 రూపాయలు. 965 రూపాయల దగ్గర కొని నిద్రపోయినోళ్లు పెట్టిన డబ్బుకు మించి కట్టాల్సొచ్చింది. కాబట్టి ఎక్స్‌పైరీకి మూడు నాలుగు రోజుల ముందే పక్క నెలకు మారిపో. మారిన రోజు చార్టులో కనబడే గ్యాపు రెండు నెలల ధరల తేడా మాత్రమే, దాన్ని చూసి ట్రేడ్ తీయొద్దు.

మీ మామ